తీరం రుచి ఉప్పు చేపది

సెలవుల్లో సముద్రం చూడబోయేవాళ్ళు చాలామంది మనసులో ఒక కోరిక పెట్టుకునే బయలుదేరతారు. అక్కడ చేప తాజాగా దొరుకుతుంది, పొద్దున వలలో పడింది మధ్యాహ్నానికి పళ్ళెంలోకి వస్తుంది, అసలు సిసలు తీరం రుచి అదేనని వాళ్ళ నమ్మకం. భీమిలి నుంచి సూర్యలంక దాకా, అక్కడి నుంచి మైపాడు దాకా బీచ్ ఒడ్డున వెలసిన హోటళ్ళు ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. తాజా చేప రుచిని ఎవరూ కాదనలేరు. అయితే దాన్ని "మన తీరపు సంప్రదాయ వంట" అన్నప్పుడు మాత్రం చరిత్ర ఒప్పుకోదు. తెలుగు తీరం తరతరాలుగా తిన్నదీ, తాను తిని లోపలి ఊళ్ళకు పంపి తినిపించిందీ ప్రధానంగా ఎండు చేప, ఉప్పు చేప. సముద్రపు పచ్చి చేప ఆ రోజుల్లో రేవుకు కొద్ది మైళ్ళ దూరంలో ఉన్నవాళ్ళకే, అదీ వేట సాగిన రోజునే దక్కేది. దాన్ని అందరి తిండిగా మార్చింది ఐసు, మరపడవ, లారీ. మన తీరంలో అవి విస్తరించి నూరేళ్ళు కాలేదు. అందుకే తీరం రుచిని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు ముందుగా అడగాల్సింది ఉప్పు చేపనని నా వాదన.

అసలు కారణం వేటలోనే ఉంది. సముద్రం రోజుకింత అని కొలిచి ఇవ్వదు. అలివి వల సంగతే చూడండి. వల ఒక కొస ఒడ్డున ఉంచి, పడవ మీద మిగతా వలను సముద్రంలోకి తీసుకుపోయి, అర్ధచంద్రాకారంగా తిప్పి రెండో కొసను ఇవతలి ఒడ్డుకు చేరుస్తారు. పదుల మంది రెండు జట్లుగా నిలబడి గంటల తరబడి లాగుతారు. ఒక్కోరోజు ఆ వలలో ఊరి కూరకు సరిపడా చేప కూడా ఉండదు. ఇంకోరోజు నెత్తళ్ళ గుంపో, కవళ్ళ గుంపో, కారల గుంపో పడితే ఊరంతా తిన్నా తరగదు. మన ఎండకు పొద్దుటి చేప సాయంత్రానికి వాసన పట్టేస్తుంది. కాబట్టి అంత చేపనూ ఆ రోజే ఏదో ఒకటి చెయ్యాలి. నెత్తళ్ళ లాంటి సన్న చేపను ఉప్పు కూడా లేకుండా ఇసుక మీద పలుచగా పరిచి, తిరగేస్తూ రెండు మూడు రోజులు ఎండబెడితే సరిపోతుంది. కోనాం, సొర లాంటి పెద్ద చేపలకు అది చాలదు. కండ మందం, ఎండ లోపలికి పోయేలోగా లోపల కుళ్ళు మొదలవుతుంది. వీటిని పొట్ట చీల్చి, పేగులు తీసి, కండలో గాట్లు పెట్టి, ఆ గాట్లలోకి ఉప్పు కూరి తొట్టిలో పేరుస్తారు. ఉప్పు చేపలోని నీటిని బయటికి లాగుతుంది. ఒక రాత్రికే తొట్టి అడుగున ఉప్పునీరు నిలుస్తుంది. తరవాత కడిగి ఎండకు వేస్తారు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళది. సముద్రం మీది వేట గురించి ఎన్నో మాటలు చెప్పుకున్నాం గానీ, పట్టిన చేపను తిండిగా నిలబెట్టిన ఈ చేతుల గురించి మన చరిత్ర పుస్తకాల్లో ఉన్నది బహు తక్కువ.

పాత తీరంలో చేపల గురించిన జ్ఞానం ఎంత విస్తారమైనదో తెలుసుకోవడానికి మన దగ్గర ఒక అరుదైన ఆధారం ఉంది. పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఈయన పేరే. విశాఖ రేవులో దొరికిన 200 చేపలకు బొమ్మలు వేయించి, వర్ణనలు రాసి 1803లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. ఆ పుస్తకంలో చాలా చేపలను ఆయన స్థానికుల నోట విన్న పేర్లతోనే నమోదు చేశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో కాస్త వంకర పోయినా అందులోని కోనాం, సొర, చందువ ఇవాళ విశాఖ రేవులో వేలం పాడేవాళ్ళ నోట వినిపించే మాటలే. మన వాలుగ పేరు ఆ పుస్తకం ద్వారానే శాస్త్రవేత్తలకు చేరి, ఆ చేప జాతికి వల్లాగో అనే శాస్త్రీయ నామం అయింది. అంటే రెండు వందల ఏళ్ళ కిందట విశాఖ జాలరులు, వాడబలిజలు చేపకు చేపకూ తేడా ఎరిగి పేరు పెట్టి పిలిచేవారు. ఇన్ని రకాలు తెలిసిన తీరం అన్నిటినీ తాజాగానే తినేదని అనుకోవడం తేలిక. కానీ ఆనాటి దారులు గుర్తు చేసుకోండి. బెజవాడ నుంచి ఉత్తరాన వాల్తేరు మీదుగా రైలు దారి పడింది 1890లలో. అంతకు ముందు చేప ప్రయాణమంతా నెత్తి మీది గంపలో, కావిడిలో, ఎడ్లబండిలో. గంప నెత్తిన పెట్టుకుని ఒక మనిషి పొద్దెక్కేలోగా నడవగలిగిన దూరమే పచ్చి చేప పొలిమేర. దాన్ని దాటి అవతలికి పోయిందంతా ఎండిన చేపే. పాడేరు, అరకు సంతల్లో ఈనాటికీ ఎండు చేపల వరసలు ఉన్నాయంటే, తెలంగాణ ఊళ్ళలో సముద్రం ముఖం చూడని ఇళ్ళలో సైతం ఎండు రొయ్యల కూర ఇంటి కూరగా ఉందంటే, కారణం ఆ పాత ప్రయాణమే. తీరపు వంట తీరం దాటి వచ్చింది ఈ రూపంలోనే.

చేప కథలో ఉప్పు ఇంత ముఖ్యమైతే, ఉప్పు మీద చెయ్యి వేసినవాడు చేప మీదా చెయ్యి వేసినట్టే. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో జరిగింది ఇదే. మద్రాసు రాజధానిలో ఉప్పు తయారీ, అమ్మకం 1805లో కంపెనీ గుత్తాధిపత్యం కిందికి వెళ్ళాయి. నౌపడ, చినగంజాం, ఇసకపల్లి లాంటి చోట్ల ఉప్పు మడులు జాలరి పల్లెలకు పక్కపక్కనే ఉండేవి. కళ్ళెదుట తెల్లగా మెరిసే ఆ ఉప్పు ముట్టుకుంటే నేరం. 1888లో పన్ను బ్రిటిష్ మణుగుకు, అంటే సుమారు 37 కిలోలకు, రెండున్నర రూపాయలకు చేరింది. చేపకు పట్టించే ఉప్పు చిటికెడు కాదు. మూడు నుంచి అయిదు పాళ్ళ చేపకు ఒక పాలు ఉప్పు కావాలి. నూరు కిలోల చేపకు పాతిక కిలోల ఉప్పు వేసుకుంటే పన్నే రూపాయిన్నర దాటుతుంది. రోజు కూలి అణాల్లో ఉన్న కాలం అది. పోనీ, సముద్రపు నీరు నిలిచి ఆవిరైన చోట నేల మీద పేరుకున్న ఉప్పు మట్టిని గీరి తెచ్చుకుంటే? అదీ చట్టవిరుద్ధమే. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి చేపల శాస్త్రంలో పేరు పొందిన ఫ్రాన్సిస్ డే 1873లో భారత, బర్మా తీరాల సముద్ర చేపల మీద నివేదిక ఇచ్చినప్పుడు ఈ ఉప్పు సంగతి ప్రభుత్వం ముందు పెట్టాడు. ఆ తరవాతే, 1870ల నుంచి, మద్రాసు తీరం పొడవునా చేపల ఉప్పు యార్డులు ఒక్కొక్కటిగా వెలిశాయి. జాలరి తన చేపను ఆ కంచె లోపలికి తెచ్చుకుంటే పన్ను లేని ఉప్పు ఇస్తారు. ఆ ఉప్పును అక్కడే చేపకు పట్టించాలి. గుప్పెడు ఉప్పు కూడా గేటు దాటి బయటికి పోకూడదు. ఇంటి ముంగిట ఇసుకలో ఆడవాళ్ళు చేసుకునే పని ఇలా సర్కారు కావలి కిందికి వచ్చింది.

ఈ యార్డుల వల్ల మేలు జరగలేదని నేను అనడం లేదు. కుళ్ళిపోయే చేప కొంత నిలిచింది, సరుకు మెరుగైంది, వర్తకం పెరిగింది. 1905లో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్‌కు చేపల పరిశ్రమ బాధ్యత అప్పగించడం, 1907లో దేశంలోనే ముందుగా మద్రాసులో చేపల శాఖ ఏర్పడడం ఈ దారిలో పడిన అడుగులే. నేను చూపదలచుకున్నది వేరు. ఒక సామ్రాజ్యం చేప కోసం ప్రత్యేకంగా ఉప్పు చట్టంలో సందు చేయాల్సి వచ్చింది, తీరం పొడవునా కంచెలు కట్టి కాపలా పెట్టాల్సి వచ్చింది. ఎక్కడో మూలన పేదలు తినే తునక కోసం ఎవరూ ఇంత చెయ్యరు. తీరపు బతుకు ఆర్థికంగా ఉప్పు చేప మీదే ఆనుకుని ఉంది కాబట్టే చేశారు. 1930లో టంగుటూరి ప్రకాశం దేవరంపాడులో ఉప్పు సత్యాగ్రహం నడిపినప్పుడు, ఇతర తీర గ్రామాల్లో జనం కుండల్లో సముద్రపు నీరు కాచినప్పుడు, మనం దాన్ని అన్నంలో కలిపే ఉప్పు కోసం జరిగిన పోరాటంగానే చదువుకుంటాం. తీర గ్రామాల్లో ఆ ఉప్పుకు అన్నంలోకి పోయే దారి ఒకటైతే, చేపలోకి పోయే దారి ఇంకొకటి. ఉప్పు పన్ను రద్దయింది 1947లో.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. మన తీరానికి పేరు తెచ్చినవి పులుసులు కదా, నెల్లూరు చేపల పులుసు, గోదావరి పులస పులుసు పచ్చి చేపవే కదా, పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత కూడా ఉంది కదా అంటారు. మాట నిజమే. అయితే పులస సముద్రం రుచి కాదు, నది రుచి. సముద్రంలో విలసగా ఉన్న చేప వరద కాలంలో గోదావరికి ఎదురీది, ఆ మంచినీటిలో కొవ్వు, కండ మారి పులస అవుతుంది. దొరికేది ఏడాదిలో కొద్ది వారాలు, ధవళేశ్వరం దిగువన ఉన్న కొద్ది మైళ్ళ పాయల్లో. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక పైకి పోయే దారికి అడ్డుకట్ట పడింది. ఇంత అరుదైనది కాబట్టే పుస్తెల దాకా వెళ్ళింది సామెత. రోజూ తినే కూర మీద అలాంటి సామెత పుట్టదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. పులస పులుసును గానీ నెల్లూరు పులుసును గానీ తెలిసినవాళ్ళు వండిన పూటే తినరు. మట్టి దాకలో సన్న సెగ మీద ఉడికించి, రాత్రంతా అలాగే ఉంచి, మర్నాడు తింటారు. చింతపండు పులుపు, నెల్లూరులోనైతే దానికి తోడు మామిడికాయ పులుపు, ముక్కలోకి ఇంకి ముక్కను గట్టిపరుస్తాయి, చెడకుండా కాపాడతాయి. అంటే పచ్చి చేపతో చేసే మన అత్యుత్తమ వంట కూడా చేపను నిలవ పెట్టే ఉపాయం నుంచే రుచి సంపాదించుకుంది. ఉప్పు చేసే పనిని ఇక్కడ పులుపు చేసింది. ఈ పులుపు పాతది కూడా. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర 12వ శతాబ్దంలో వచ్చిన మానసోల్లాసంలో చేప ముక్కలను చింతపండు రసంతో వండే పద్ధతి ఉంది. అందులో ఘాటు మిరియాలది. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చింది 16వ శతాబ్దంలో కనుక, ఇవాళ ఆంధ్రా చేపల కూర అంటే గుర్తొచ్చే ఎర్రటి కారం పులుపు కన్నా చాలా చిన్నది.

రెండో అభ్యంతరం ఇంకా సూటిది. ఎండు చేప లేమి వల్ల తిన్న తిండి, ఐసు ఉండి ఉంటే ఎవరు తింటారు అని. నిలవ అవసరం నుంచి ఎండు చేప పుట్టిందన్న మాట ఒప్పుకోవలసిందే. కానీ అవసరం నుంచి పుట్టిన ప్రతిదీ అవసరం తీరగానే పోదు. ఆవకాయ కూడా మామిడికాయను ఏడాది పొడుగునా నిలవ చేసుకోవడానికి పుట్టిందే. తాజా మామిడికాయ దొరికే రోజున ఆవకాయ ఎందుకని తెలుగువాడు ఎన్నడూ అడగలేదు. అది వేరే రుచి అని వాడికి తెలుసు. ఎండు చేపదీ అంతే. మూడు నాలుగు కిలోల పచ్చి చేప ఎండితే కిలో అవుతుంది. నీరు పోయి రుచి చిక్కబడుతుంది, ఉప్పూ ఎండా కలిసి పచ్చి చేపలో లేని కొత్త వాసన పుట్టిస్తాయి. ఎండు నెత్తళ్ళ తలలు తుంచి, పొడి మూకుట్లో చిటపటలాడేదాకా వేయించి, వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి ఇసుక పోగొట్టి, లేత వంకాయ ముక్కలతో పులుసులో వేస్తే వంకాయ ఆ రుచినంతా పీల్చుకుంటుంది. పచ్చి నెత్తళ్ళతో ఆ పని జరగదు. ఉప్పు చేప వేయించి పప్పుచారులో నంజుకోవడం, చింతచిగురులో ఎండు రొయ్యలు వేయడం, రొయ్యపొట్టును వేయించి పొడి కొట్టి పెట్టుకోవడం ఏదో ఒకటి సర్దుకునే వంటలు కావు. కొద్దిపాటి చేపతో కుండెడు కూరకు ప్రాణం పోయడం తెలిసిన వంటలు. పచ్చి చేప ఇంటి ముందుకు వచ్చే జాలరి పల్లెల్లో సైతం ఎండు చేపను ఇష్టంగా తింటారన్నది ఈ అభ్యంతరానికి చాలిన జవాబు.

ఐసు కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అమెరికా సరస్సుల నుంచి కోసిన మంచుగడ్డలు ఓడల్లో వచ్చి నిలవ ఉండేందుకు మద్రాసులో ఐస్ హౌస్ కట్టింది 1842లో, దొరల పానీయాల కోసం. చేపకు ఐసు చేరడానికి ఇంకో శతాబ్దం పట్టింది. 1952లో నార్వేతో కుదిరిన ఒప్పందంతో కేరళలో మరపడవలు, ఐసు ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. 1953లో కొచ్చి నుంచి గడ్డకట్టించిన రొయ్యలు ఎగుమతి అయ్యాయి. ఆ దారి చూసి తూర్పు తీరమూ మారింది. అంతకు ముందు ఎండబెట్టి చౌకగా అమ్ముకున్న రొయ్య ఒక్కసారిగా డాలర్లు తెచ్చే సరుకైంది. 1990లలో తీరం పొడవునా టైగర్ రొయ్యల చెరువులు తవ్వారు. తెల్లమచ్చ వైరస్ వాటిని ఊడ్చేసింది. 2009లో వెనామీ రొయ్యకు అనుమతి వచ్చింది. దాని పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. ఇవాళ బీచ్ హోటల్లో "సముద్రపు రొయ్యల వేపుడు" అని తినేది చాలాసార్లు చెరువులో మేత వేసి పెంచిన ఆ వెనామీయే. పక్కన వడ్డించే అపోలో ఫిష్ హైదరాబాదు హోటళ్ళలో పుట్టిన వంటకం. వీటిని తినొద్దని ఎవరూ అనక్కర్లేదు, వెనామీ మీద మన రైతులు వేలమంది బతుకుతున్నారు. కానీ ఆ పళ్ళెంలో సముద్రమూ లేదు, ఈ తీరపు పాత వంటా లేదు. ఒడ్డున కూర్చుని తిన్నంత మాత్రాన తిండికి ఒడ్డు చరిత్ర అంటదు.

మరి ఇంత చరిత్ర ఉన్న ఉప్పు చేప బీచ్ హోటల్ మెనూలో ఎందుకు లేదు? శుభ్రత లేదంటారు. ఇసుక మీద ఆరబెట్టిన చేపలో ఇసుక, ఈగ, కుక్క బెడద ఉన్న మాట వాస్తవమే. దానికి మందు ఎత్తయిన తడికల మంచెలు, సిమెంటు అరుగులు, వలకప్పులు. అవి ఉన్నచోట సరుకు బాగానే వస్తోంది, లేనిచోట కట్టించడం ప్రభుత్వ బాధ్యత. చేప పట్టేవారికి మరపడవల రాయితీలు ఇచ్చిన ప్రభుత్వాలు చేప ఎండబెట్టే ఆడవాళ్ళకు అరుగు కట్టించడంలో ఎప్పుడూ వెనకబడే ఉన్నాయి. అసలు అడ్డంకి శుభ్రత కూడా కాదు, వాసన. ఎండు చేప వేయించిన ఇంటి వాసనను బట్టి మనిషి కులం పసిగట్టే అలవాటు మన సమాజానికి ఉంది. పట్నంలో అద్దె ఇల్లు అడగబోయిన కుటుంబాన్ని తిప్పి పంపేయడానికి ఆ వాసన చాలు. పిల్లలు బడికి తెచ్చుకునే క్యారేజీలోంచి ఆ కూర మాయమవడానికి ఆ సిగ్గు చాలు. చదువుకుని పట్నం చేరిన తీరపు కుటుంబాలే ఆ కూరను తలుపులు మూసి వండుకునే స్థితి తెచ్చాం. పచ్చి చేపను ఐసు పెట్టెలో దాచి "సీఫుడ్" అంటే గౌరవం, అదే చేపకు ఉప్పు పెట్టి ఎండలో దాచితే నామోషీ. ఇది రుచి మీద ఇచ్చిన తీర్పు కాదు, మనుషుల మీద ఇచ్చిన తీర్పు. అన్యాయమైన తీర్పు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చిన విరామం అది. సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లలకు వేసవి సెలవులు, బీచ్‌లకు జనం పోటెత్తే కాలం. ఆ రెండు నెలల్లో తెప్పల వాళ్ళు తెచ్చిన కాస్త తప్ప, తాజా అని ఎదుటికి వచ్చే పెద్ద చేపలో ఎక్కువ భాగం గడ్డకట్టించి నిలవ ఉంచిందో, చెరువుదో అయి ఉంటుంది. ఎండు చేపకు మాత్రం అదే మంచి ఎండ, పక్కనే ఉప్పు మడుల్లో కోత కాలం. ఈ వేసవిలో భీమిలి వెళ్ళినా, ఉప్పాడ వెళ్ళినా, మచిలీపట్నం మంగినపూడి వెళ్ళినా హోటల్‌వాణ్ణి ఉప్పు చేప, పప్పుచారు ఉందా అని అడగండి. లేదంటే రేపు చేయించమని చెప్పండి. తిరిగొచ్చేటప్పుడు రేవు పక్కన గంప ముందు కూర్చున్నావిడ దగ్గర, బేరమాడకుండా, ఒక కిలో ఎండు నెత్తళ్ళు కొనుక్కోండి.